సెటప్ ఫైలుకి అసలు పరీక్ష పాత మెషీన్ మీదే

పలాస-కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల ఆఫీసు గదుల్లో, రాజాం రైస్ మిల్లుల్లో, విజయనగరం హోల్‌సేల్ కొట్లలో లెక్కలు రాసే కంప్యూటర్లు అంత తేలిగ్గా రిటైర్ కావు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ఆగింది. ఆ కబురు ఈ మెషీన్లలో చాలావాటికి ఇంకా అందినట్టు లేదు. నాలుగు జీబీ ర్యామ్, నిండిపోయిన సి డ్రైవ్, ఎప్పుడో గడువు తీరిన యాంటీవైరస్, బ్యాటరీ చచ్చిన యూపీఎస్. వీటితోనే రోజూ బిల్లులు కొడుతుంటారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వెళ్లాల్సింది ఇలాంటి మెషీన్ మీదకే. దాన్ని రాసిన కుర్రాళ్లు మాత్రం విశాఖలోనో విజయనగరంలోనో కూర్చుని కొత్త ల్యాప్‌టాప్‌ల మీద రాశారు. సెటప్ ఫైలు (ప్రోగ్రాముని మెషీన్‌లో వేసే ఫైలు, దీన్నే ఇన్‌స్టాలర్ అంటారు) మీద డబుల్ క్లిక్ పడే దాకా ఆ ల్యాప్‌టాప్‌కీ ఈ మెషీన్‌కీ పరిచయమే ఉండదు.

విచిత్రం ఏమిటంటే, చిన్న కంపెనీల్లో అన్నిటికన్నా తక్కువ పరీక్షకు నోచుకునేది ఆ సెటప్ ఫైలే. ప్రోగ్రాములో ప్రతి బటనూ నొక్కి చూస్తారు. జీఎస్టీ లెక్క పైసలతో సహా సరిచూస్తారు. చివరి రోజు సాయంత్రం సెటప్ తయారుచేసి, పక్క టేబుల్ మీది సిస్టమ్‌లో ఒకసారి వేసి, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అనిపించి వదిలేస్తారు. మంచి మెషీన్ మీద, మంచి రోజున, మొదటిసారి వేస్తే పనిచేస్తుందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. కస్టమర్లలో అలా వేసేవాళ్లు ఎంతమంది? చాలామంది దగ్గర పాత వెర్షన్ ఉంది, అందులో ఏళ్ల డేటా ఉంది. నన్నడిగితే సెటప్ పరీక్షకు పెట్టే సమయంలో ముప్పావు వంతు పాతదాని మీద కొత్తది వేసి చూడడానికీ, పని సగంలో ఆగిపోతే ఏమవుతుందో చూడడానికీ పోవాలి. తాజా ఇన్‌స్టాల్‌కి మిగిలిన పావు చాలు.

ఇన్‌స్టాలర్ చేతికి ఏం ఇస్తున్నాం

ప్రోగ్రాములో తప్పు దొరికితే అప్‌డేట్ పంపి సరిచేసుకోవచ్చు. సెటప్‌లోనే తప్పుంటే ఆ అప్‌డేట్ వెళ్లే దారే మూసుకుపోతుంది. పైగా రోజూ నడిచే ప్రోగ్రాముకి మామూలు యూజర్ హక్కులు సరిపోతాయి. సెటప్‌కి అలా కాదు. స్క్రీన్ మసకబారి "అనుమతిస్తారా" అని అడిగినప్పుడు 'యస్' నొక్కిన క్షణం నుంచి దాని చేతిలో అడ్మినిస్ట్రేటర్ హక్కులుంటాయి. మెషీన్‌లో ఏ ఫైలునైనా రాయగలదు, చెరపగలదు.

ఆ హక్కులతో ఏం జరగొచ్చో 2007 డిసెంబర్‌లో ఈవ్ ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్లకి తెలిసింది. ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ కంపెనీ ట్రినిటీ అనే పెద్ద అప్‌డేట్ విడుదల చేసింది. ఆ ఆట ఫోల్డర్‌లో బూట్.ఐఎన్ఐ అనే ఫైలు ఒకటి ఉండేది. విండోస్ ఎక్స్‌పీ స్టార్ట్ అవడానికి చూసుకునే ఫైలు పేరు కూడా అదే, కాకపోతే అది సి డ్రైవ్ మొదట్లో ఉంటుంది. ఆట ఫోల్డర్‌లోని ఫైలు తీసేయమని రాయబోయి పేరుకి ముందు ఒక స్లాష్ ఎక్కువ పెట్టారు. ఇన్‌స్టాలర్ వెళ్లి విండోస్ వాళ్ల ఫైలు తీసేసింది. కొందరి కంప్యూటర్లు తర్వాత స్టార్టే కాలేదు. ఆట బాగానే ఉంది, పాడైంది ఆట వేసుకున్న మెషీన్.

ఇన్‌స్టాలర్లలో ప్రధానంగా రెండు జాతులున్నాయి. ఒకటి ఆఫీస్ 2000తో 1999లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎంఎస్ఐ. ఇందులో ఏ ఫైలు ఎక్కడ ఉండాలి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఏం ఉండాలి అని పట్టికల్లో రాసిస్తే మిగతా పని విండోస్ చూసుకుంటుంది. మధ్యలో తేడా వస్తే చేసినదంతా వెనక్కి తీసుకుంటుంది. రెండోది స్క్రిప్ట్ జాతి. ఇన్నో సెటప్, విన్‌యాంప్ చేసిన నల్‌సాఫ్ట్ వాళ్ల ఎన్ఎస్ఐఎస్ లాంటివి. ఇది చెయ్, తర్వాత అది చెయ్ అని వరసగా రాసుకుపోతాం. చిన్న కంపెనీలు ఎక్కువగా వాడేది ఈ రెండో జాతినే. తేలిక, ఉచితం. ఎంఎస్ఐ వాడితే వెనక్కి తీసుకునే బాధ్యత పూర్తిగా దానిదే అనుకోవడం మాత్రం పొరపాటు. పట్టికల్లో ఉన్నదాన్నే అది వెనక్కి తీసుకోగలదు. డేటాబేస్ మార్చడానికి మనం సొంతంగా ఒక స్క్రిప్ట్ తగిలించామనుకోండి, దాన్ని తిప్పికొట్టే స్క్రిప్ట్ కూడా మనమే రాయాలి, మనమే పరీక్షించాలి.

బస్తా అంటే ఎన్ని కిలోలు

ఉద్దానంలో రైతు జీడి పిక్కలు అమ్మేటప్పుడు బస్తా అంటే 80 కిలోలు. మిగతా సరుకులకి వేరే లెక్కలుంటాయి. కాబట్టి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో బస్తా బరువు ఒక సెట్టింగ్‌గా ఉండక తప్పదు. సెటప్‌తో వచ్చే సెట్టింగ్స్ ఫైలులో 50 అని ఉందనుకుందాం. పలాసలో దాన్ని 80గా మార్చుకుంటారు, ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోతారు. రెండేళ్ల తర్వాత కొత్త వెర్షన్ వేస్తే, దాంతో వచ్చిన సెట్టింగ్స్ ఫైలు పాతదాని మీద పడింది. ఎర్రర్ ఏదీ రాలేదు. ప్రోగ్రాము ఠంచనుగా తెరుచుకుంది. బిల్లు కూడా ప్రింటైంది. వంద బస్తాల పిక్కలు 8,000 కిలోలకి బదులు 5,000 కిలోలుగా పడ్డాయి, అంతే తేడా. ఏ ఎర్రర్ మెసేజీ పట్టుకోలేని తప్పు ఇది. సాయంత్రం కాటా చీటీతో సరిచూసే గుమస్తా పట్టుకోవాలి.

ఇలా ఎందుకవుతుందో కొంచెం లోపలికి వెళ్లి చూడాలి. ఎంఎస్ఐకి ఒక మర్యాద ఉంది. వెర్షన్ నంబరు లేని ఫైలుని యూజర్ మార్చుకుని ఉంటే, దాని మీద కొత్తది రాయదు. ఆ నియమం తెలిసినవాళ్లు ధీమాగా ఉంటారు. అయితే పెద్ద అప్‌గ్రేడ్‌లో పాత వెర్షన్‌ని ముందు తీసేసి తర్వాత కొత్తది పెట్టమని వరస పెట్టుకుంటే ఆ మర్యాద పనికిరాదు. తీసేసేటప్పుడు మార్చిన ఫైలూ పోతుంది. తర్వాత ఖాళీ చోట కొత్త ఫైలు, అందులో 50. ముందు కొత్తది పెట్టి తర్వాత పాతది తీసేయమంటే 80 బతుకుతుంది. రెండు పనుల వరస మారడమే మొత్తం తేడా. ఇన్నో సెటప్‌లో అయితే 'ఇప్పటికే ఉంటే ముట్టుకోవద్దు' అని ఆ ఫైలుకి ఒక గుర్తు పెట్టొచ్చు. అప్పుడు ఇంకో చిక్కు. కొత్త వెర్షన్‌కి కావలసిన కొత్త సెట్టింగులు పాత ఫైలులో ఉండవు కదా. పాత విలువలు ఉంచుతూ, లేనివి మాత్రం చేర్చాలి.

అందుకే అప్‌గ్రేడ్ పరీక్ష చేసే పద్ధతి వేరుగా ఉంటుంది. పాత వెర్షన్ వేసి వెంటనే దాని మీద కొత్తది వేస్తే అది పరీక్ష కాదు. పాతది వేశాక దాన్ని వాడాలి. సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ విలువల నుంచి మార్చాలి. కంపెనీ పేరు, బిల్లు సీరియల్, ప్రింటర్, బ్యాకప్ ఫోల్డర్, బస్తా బరువు అన్నీ. నాలుగు బిల్లులు కొట్టాలి, ఒకటి క్యాన్సిల్ చేయాలి. అప్పుడు కొత్తది వేసి, మార్చినవి మార్చినట్టే ఉన్నాయా లేదా అని ఒక్కొక్కటీ చూడాలి. విసుగు పుట్టించే పనే. టెస్టర్‌కి జీతం ఇచ్చేది దీనికే.

అప్‌గ్రేడ్‌లో రెండో రకం ప్రమాదం ఇంకా తికమకగా ఉంటుంది. అది ఫోన్ కాల్ రూపంలో వస్తుంది. "ఏటి బాబూ, కొత్తది ఏసినావు, మా పాత బిల్లులు ఒక్కటీ కనపడ్డం నేదు. పోనాయా?"

పోలేదు. ఉన్న చోటే ఉన్నాయి, కొత్త ప్రోగ్రాము చూస్తున్న చోటు వేరు. ఎక్స్‌పీ కాలంలో రాసిన ప్రోగ్రాములు డేటాని తమ ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోనే, అంటే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాసేసేవి. 2007లో విస్టాతో యూఏసీ (పెద్ద హక్కులు ఇచ్చే ముందు అనుమతి అడిగే ఏర్పాటు) వచ్చాక, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో కూడా ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే నడిచి అక్కడ రాయలేకపోయాయి. పాత ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయని మైక్రోసాఫ్ట్ ఒక ఉపాయం పెట్టింది. అలాంటి 32 బిట్ ప్రోగ్రాము ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే, ఎర్రర్ ఇవ్వకుండా ఆ రాతని యూజర్ సొంత ఫోల్డర్‌లో వర్చువల్‌స్టోర్ అనే మూలకి మళ్లిస్తుంది. చదివేటప్పుడూ అక్కడినుంచే తెచ్చి చూపిస్తుంది. ప్రోగ్రాముకి ఈ సంగతి తెలియదు. గుమస్తాకి అసలే తెలియదు. అలా ఏళ్లు గడిచిపోతాయి.

ఇప్పుడు కంపెనీవాళ్లు ప్రోగ్రాముని 64 బిట్‌కి మార్చారు, లేదా కొత్త పద్ధతి ప్రకారం దానికి మేనిఫెస్ట్ (ఏ హక్కులతో నడవాలో విండోస్‌కి చెప్పే చీటీ) తగిలించారు. అలా చేసిన ప్రోగ్రాముకి ఈ మళ్లింపు వర్తించదు. అది నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి చూస్తుంది. అక్కడ ఇన్‌స్టాల్ చేసిన రోజు పెట్టిన ఖాళీ డేటాబేస్ ఒకటి పడి ఉంటుంది. దాన్ని తెరిచి సున్నా బిల్లులు చూపిస్తుంది. గుమస్తా కంగారులో మళ్లీ మొదటి నంబరు నుంచి బిల్లులు కొట్టడం మొదలుపెడితే ఇక రెండు డేటాబేసుల్ని కలపాల్సిన పని కూడా మన నెత్తిన పడుతుంది.

డెవలపర్ మెషీన్‌లో ఈ తప్పు ఎన్నటికీ కనపడదు. ఎందుకంటే అతను పాత వెర్షన్‌ని అడ్మినిస్ట్రేటర్‌గానే నడిపి ఉంటాడు, అతని డేటా వర్చువల్‌స్టోర్‌కి ఎప్పుడూ వెళ్లలేదు. పట్టుకోవాలంటే పాత వెర్షన్‌ని మామూలు యూజర్‌గా లాగిన్ అయి వాడి, తర్వాత అప్‌గ్రేడ్ చేయాలి. 32 నుంచి 64 బిట్‌కి మారేటప్పుడు రిజిస్ట్రీలోనూ ఇదే తంతు. పాత ప్రోగ్రాము రాసిన విలువలు వేరే అరలో ఉంటాయి, కొత్తది తన అరలో వెతుక్కుని ఏమీ లేదంటుంది. లైసెన్స్ నంబరు మళ్లీ అడిగే కేసుల్లో ఎక్కువ భాగం ఇదే.

పెద్దవాళ్లకి ఈ బాధ లేదనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ 2018 అక్టోబర్ 2న విండోస్ 10కి 1809 అనే అప్‌డేట్ విడుదల చేసి, నాలుగు రోజుల్లో ఆపేసింది. డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లని వేరే డ్రైవ్‌కి మార్చుకున్న కొందరికి, పాత చోట మిగిలిపోయిన ఫైళ్లని అప్‌గ్రేడ్ తుడిచేసింది. ఖాళీ ఫోల్డర్లు అని అది అనుకుంది, అవి ఖాళీ కాదు. అప్‌డేట్ ముందుగా పరీక్షించిన వాలంటీర్లలో కొందరు ఈ సంగతి విడుదలకి ముందే రాశారు. వేల ఫిర్యాదుల మధ్య అది పైకి రాలేదు. నవంబర్ 13న గానీ మళ్లీ విడుదల కాలేదు. సి డ్రైవ్ నిండిపోయి డాక్యుమెంట్స్‌ని డి డ్రైవ్‌కి మార్చుకోవడం మన కొట్లలో సర్వసాధారణం. టెస్ట్ మెషీన్లలో మాత్రం అలా మార్చినది ఒక్కటీ ఉండదు.

సగంలో కరెంటు పోతే

ఇది మన దగ్గర ఊహించి రాసుకునే కేసు కాదు, వేసవి మధ్యాహ్నం నిజంగా జరిగేదే. పరీక్షించడం కూడా కష్టం కాదు. వర్చువల్ మెషీన్‌లో (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఇంకో కంప్యూటర్) సెటప్ మొదలుపెట్టి, ఫైళ్లు కాపీ అవుతుండగా ఒకసారి, డేటాబేస్ మారుతుండగా ఒకసారి, ఫినిష్ బటన్ వచ్చే ముందు ఒకసారి పవర్ ఆఫ్ కొట్టాలి. షట్‌డౌన్ కాదు, ప్లగ్ పీకినట్టు. మళ్లీ ఆన్ చేశాక రెండు ప్రశ్నలు. పాత వెర్షన్ అయినా తెరుచుకుంటుందా? సెటప్‌ని మళ్లీ మొదటినుంచి వేస్తే పూర్తవుతుందా? రెండింటిలో ఒకదానికైనా 'అవును' అని రాకపోతే విడుదల ఆగాలి. ఇందులో బేరం లేదు.

డేటాబేస్ మార్చే పని ఇన్‌స్టాలర్ చేతికి ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం. సెటప్ ఫైళ్లు మాత్రం పెట్టాలి. ప్రోగ్రాము మొదటిసారి తెరిచినప్పుడు ముందు బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ తెరుచుకుంటోందో లేదో చూసి, అప్పుడు డేటా మార్చాలి. అక్కడ గుమస్తా స్క్రీన్ ముందు ఉంటాడు, మెసేజీ కనిపిస్తుంది, బ్యాకప్ ఎక్కడుందో చెప్పొచ్చు. ఎలా చేసినా బ్యాకప్‌కి రెట్టింపు చోటు కావాలి. కాబట్టి సి డ్రైవ్‌లో కొద్దిపాటి చోటు మాత్రమే మిగిల్చి పరీక్షించడం మర్చిపోవద్దు. చోటు చాలకపోతే మొదట్లోనే చెప్పి ఆగాలి. సగం రాసిన బ్యాకప్‌ని చూసి "బ్యాకప్ అయింది" అనుకుని ముందుకి పోయే ప్రోగ్రాములు ఉన్నాయి.

కరెంటుతో ముడిపడిన ఇంకో చిన్న సంగతి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే, ప్లగ్ పీకినప్పుడల్లా మెషీన్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీతో ఇంటర్నెట్ నుంచి మిగతా భాగాలు దించుకునే సెటప్ పనిచేయదు. సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని విండోస్ నమ్ముతుంది మరి. టెస్ట్ మెషీన్ తేదీ వెనక్కి తిప్పి ఒకసారి చూస్తే, మన సెటప్ "తేదీ సరిచూడండి" అని చెబుతోందా, లేక అర్థం కాని నంబరు ఒకటి చూపించి మూతపడుతోందా తెలుస్తుంది.

పేర్లలో స్పేసులు

మెషీన్ కొన్నరోజు షాపులో కుర్రాడు యూజర్ పేరు అడిగితే కొట్టు పేరు చెబుతారు. శ్రీ లక్ష్మీ ట్రేడర్స్ అనో, ఫలానావారు అండ్ సన్స్ అనో పెడతాడు. దాంతో యూజర్ ఫోల్డర్ పేరులో స్పేసులొస్తాయి, అండ్ గుర్తు వస్తుంది. బ్యాచ్ ఫైలులో (విండోస్‌కి వరసగా ఆజ్ఞలిచ్చే ఫైలు) ఆ గుర్తుకి 'ఇక్కడితో ఒక ఆజ్ఞ అయింది, తర్వాతది మొదలు' అని అర్థం. కోట్స్‌లో పెట్టకపోతే పేరు రెండు ముక్కలైపోతుంది.

స్పేసు చేసిన అనర్థాలకి చరిత్రే ఉంది. ఆపిల్ 2001 నవంబర్‌లో మ్యాక్ కోసం ఇచ్చిన ఐట్యూన్స్ 2 ఇన్‌స్టాలర్ పాత ఐట్యూన్స్‌ని తీసేయబోయి, డ్రైవ్ పేరు మొదట్లో స్పేసు ఉన్నవాళ్ల డ్రైవుల్నే తుడిచేసింది. వెంటనే వెనక్కి తీసుకుని సరిచేసిన ఫైలు ఇచ్చారు. 2011లో లినక్స్ ల్యాప్‌టాపుల కోసం వచ్చిన బంబుల్‌బీ అనే ప్రాజెక్టులో దీనికి తిరగేసిన తప్పు జరిగింది. యూఎస్ఆర్ ఫోల్డర్ లోపల ఎక్కడో ఉన్న ఒక చిన్న ఫోల్డర్‌ని తీసేయమని రాస్తూ, యూఎస్ఆర్ అనగానే ఒక స్పేసు ఎక్కువ కొట్టారు. సిస్టమ్‌లోని ప్రోగ్రాములన్నీ ఉండే యూఎస్ఆర్ మొత్తం చెరిగిపోయింది.

యూజర్ పేరు తెలుగులో పెట్టుకుంటే? విండోస్‌లో పాత ప్రోగ్రాములు వాడే పాత పద్ధతి కోడ్ పేజీలు (ఒక్కో భాషకి ఒక్కో అక్షరాల పట్టిక) హిందీకి లేనట్టే తెలుగుకీ లేవు. తెలుగు అక్షరం అన్ని భాషలకీ ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్‌లోనే బతుకుతుంది. యూనికోడ్ తెలియని పాత ఇన్‌స్టాలర్‌కి ఆ ఫోల్డర్ పేరు వరసగా ప్రశ్నార్థకాలుగా కనిపిస్తుంది. ఆ పేరుతో ఫోల్డర్ ఉండడం సాధ్యం కాదు కనుక టెంప్ ఫైళ్లు విప్పుకునే దగ్గరే పడిపోతుంది. ఇన్నో సెటప్ 6 నుంచి పూర్తిగా యూనికోడే, ఎన్ఎస్ఐఎస్‌లోనూ 3వ వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఉంది. సమస్య వాటితో కాదు. వాటి లోపల మనం ఇరికించే పాత డ్రైవర్ సెటప్పులతో.

యూజర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇదొకటి. గుమస్తా లాగిన్‌లో సెటప్ నొక్కితే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది, యజమాని వచ్చి తన పాస్‌వర్డ్ కొడతారు. ఆ క్షణం నుంచి సెటప్ నడిచేది యజమాని పేరు మీద. సెటప్ సరిగా రాయకపోతే డెస్క్‌టాప్ ఐకాన్, యూజర్ సెట్టింగులు యజమాని ఖాతాలోకి పోతాయి. గుమస్తా స్క్రీన్ మీద ఏమీ ఉండదు. "వేశారు గానీ రాలేదు" అంటారు. నిజమే చెబుతున్నారు.

తీసేయడం కూడా మన పనే

అన్‌ఇన్‌స్టాల్‌ని ఎవరూ పట్టించుకోరు, వెళ్లిపోయే కస్టమర్‌తో పనేముందని. బంగీ కంపెనీ 1998 డిసెంబర్‌లో మిత్ 2 ఆట డబ్బాలు తయారయ్యాక ఒక సంగతి కనుక్కుంది. ఆటని ఫోల్డర్‌లో కాకుండా నేరుగా డ్రైవ్ మొదట్లో ఇన్‌స్టాల్ చేసి తర్వాత తీసేస్తే, ఆ డ్రైవ్‌లోవన్నీ పోతాయి. తన ఫోల్డర్‌ని మొత్తంగా చెరపమని రాశారు, ఆ ఫోల్డర్ ఇప్పుడు డ్రైవే కదా. డబ్బాలన్నీ వెనక్కి రప్పించుకుని మార్చిన డిస్కులు పెట్టారు. మనం పెట్టిన ఫైళ్లని పేరుపేరునా తీయాలి, ఫోల్డర్‌ని గంపగుత్తగా చెరపకూడదు. కస్టమర్ డేటాని అడక్కుండా ముట్టుకోకూడదు. పరీక్ష సులువే. సెటప్ వేయకముందు ఫైళ్ల జాబితా, రిజిస్ట్రీ ఒకసారి రాసిపెట్టుకుని, వేసి తీసేశాక మళ్లీ తీసుకుని పోల్చాలి. మిగిలినదానికీ, అదనంగా పోయినదానికీ ఒక్కోదానికి సమాధానం చెప్పగలగాలి.

ఇన్ని రకాలు ఎవరు వేసి చూస్తారు

లెక్క వేస్తే భయమేస్తుంది. విండోస్ 4 రకాలు, యూజర్ హక్కులు 2, పాత వెర్షన్లు ఏమీ లేకపోవడంతో కలిపి 5, ఫోల్డర్ పేర్లు 3 రకాలు, నెట్ ఉండడం-లేకపోవడం 2, యాంటీవైరస్ 3. గుణిస్తే 720. ఏ చిన్న కంపెనీ వల్లా కాదు. కాకపోతే తప్పుల్లో ఎక్కువ భాగం ఒక్క అంశం వల్లో, రెండు అంశాలు కలవడం వల్లో బయటపడేవే. ఆరు అంశాలూ ఒక ప్రత్యేకమైన వరసలో కలిస్తేనే వచ్చే తప్పు అరుదు. కాబట్టి ప్రతి రెండు విలువల జతా ఎక్కడో ఒకచోట కలిసేలా వరసలు ఎంచుకుంటే సరిపోతుంది. పై లెక్కలో కనీసం 20 వరసలు కావాలి, ఇంకొన్ని పడినా పడొచ్చు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పిక్ట్ అనే టూల్‌కి ఈ అంశాలు రాసిస్తే ఆ వరసలు అదే తయారుచేస్తుంది. ఇద్దరు మనుషులు రెండు రోజుల్లో తేల్చగలిగే పని.

వర్చువల్ మెషీన్లలో స్నాప్‌షాట్ తీసిపెట్టుకుంటే ప్రతిసారీ మళ్లీ అదే స్థితికి రావొచ్చు. ఖాళీ విండోస్ స్నాప్‌షాట్ కన్నా, పాత వెర్షన్ వేసి వాడి మురికి చేసిన స్నాప్‌షాట్ విలువైనది. పాడైన మెషీన్ ఏదైనా సర్వీసుకి వస్తే యజమానిని అడిగి, డేటాలో పేర్లు, నంబర్లు మార్చేసి దాన్నే ఒక వర్చువల్ మెషీన్‌గా చేసుకోవడం అన్నిటికన్నా మంచిది. విండోస్‌తోనే వచ్చే తాత్కాలిక ఖాళీ మెషీన్, విండోస్ శాండ్‌బాక్స్, తాజా ఇన్‌స్టాల్‌కి బాగుంటుంది. మూయగానే అన్నీ తుడిచేస్తుంది కాబట్టి అప్‌గ్రేడ్‌లకి పనికిరాదు. లినక్స్ వాళ్లు దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లారు. ఓపెన్‌సూసే అనే లినక్స్ రకం మొదలుపెట్టగా ఫెడోరా అనే ఇంకో రకం కూడా వాడుతున్న ఓపెన్‌క్యూఏ అనే టూల్, వర్చువల్ మెషీన్‌లో ఇన్‌స్టాలర్‌ని నడిపి, స్క్రీన్ మీది బొమ్మని దాచుకున్న బొమ్మతో పోల్చి చూస్తుంది. మనిషి చూసినట్టే.

అయినా వర్చువల్ మెషీన్ చూపించనివి కొన్ని ఉంటాయి. ఉబుంటు 17.10 విడుదలయ్యాక కొన్ని లెనోవో ల్యాప్‌టాపుల బయాస్‌ని (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డు చిప్‌లోని ప్రోగ్రాము) ఒక డ్రైవర్ పాడుచేస్తోందని తేలి, 2017 డిసెంబర్‌లో డౌన్‌లోడ్ ఆపేశారు. వర్చువల్ మెషీన్‌కి అసలు బయాస్ చిప్ ఉండదు, పాడవడానికి. సెటప్‌తో పాటు ప్రింటర్ డ్రైవరో, డాంగిల్ (లైసెన్స్ కోసం యూఎస్‌బీకి తగిలించే చిన్న ముక్క) డ్రైవరో వెళ్తుంటే ఒకటి రెండు పాత మెషీన్లు టేబుల్ మీద ఉండి తీరాలి.

ఫెయిలైనప్పుడు నంబర్లు చదవడం వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఎంఎస్ఐ 1618 అంటే ఇంకో ఇన్‌స్టాల్ ఇప్పటికే నడుస్తోంది, ఆగి వేయాలి. 3010 అసలు తప్పే కాదు, పని అయింది, రీస్టార్ట్ అడుగుతోంది. 1603 మాత్రం 'ఏదో అయింది' అనడం లాంటిదే. లాగ్ (సెటప్ చేసిన పనులన్నీ రాసుకునే ఫైలు) తీసి అందులో 'రిటర్న్ వాల్యూ 3' అన్న మాట వెతికి, దానికి పై వరసలు చదవాలి. అసలు కారణం అక్కడుంటుంది.

పరీక్షించిన ఫైలే వెళ్తోందా

పరీక్ష అంతా అయ్యాక డిజిటల్ సంతకం పెట్టి విడుదల చేయడం చాలాచోట్ల అలవాటు. సంతకం పెడితే ఫైలు మారుతుంది. అంటే పరీక్షించింది ఒక ఫైలు, పంపింది ఇంకొకటి. సంతకం పెట్టాకే చివరి రౌండ్ పరీక్ష జరగాలి, ఆ ఫైలు హ్యాష్ (ఫైలు కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటి నంబరు) రాసిపెట్టుకుని డౌన్‌లోడ్ పేజీలో ఉన్న ఫైలుతో సరిపోల్చాలి. సంతకంతో పాటు టైమ్‌స్టాంప్ (సంతకం ఎప్పుడు పెట్టారో చెప్పే ముద్ర) ఉందో లేదో చూడాలి. అది లేకపోతే సర్టిఫికెట్ గడువు తీరిన రోజున పాత సెటప్పులన్నీ ఒక్కసారిగా చెల్లనివైపోతాయి. 2023 జూన్ 1 నుంచి ఈ సంతకం తాళాన్ని యూఎస్‌బీ టోకెన్ లాంటి ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే ఉంచాలన్న నిబంధన ఉంది. ఆ టోకెన్ ఉన్న మనిషి పెళ్లికి ఊరెళ్తే విడుదల ఆగిపోతుంది, అది కూడా ముందే చూసుకోవాలి.

తేదీ ఎంచుకోవడమూ పరీక్షలో భాగమే. మార్చి ఆఖరి వారం వద్దు. అప్పుడు అందరూ ఏడాది లెక్కలు మూస్తుంటారు, ఏప్రిల్ 1న కొత్త బిల్లు సీరియల్ మొదలవుతుంది. ముందు నాలుగైదు కొట్లకి ఇచ్చి ఒక వారం ఆగాలి. ఆ నాలుగైదింటిలో ఒకటి మరీ పాత మెషీన్, ఒకటి నెట్ లేనిది, ఒకటి మూడు సిస్టమ్‌లు ఒకే డేటా మీద పనిచేసేది ఉండేలా చూసుకోవాలి. మంచి మెషీన్ ఉన్న స్నేహితుడి కొట్టుకి ఇస్తే ఫోన్ రాదు, అంతా బాగుందనుకుంటాం.

ఇక ఒక కేసు దాదాపు ఎవరూ వేసి చూడరు. మన ఊళ్లలో సెటప్ వేసేది యజమాని కాదు, కంప్యూటర్ సర్వీసు కుర్రాడు. అతని పెన్‌డ్రైవ్‌లో మనం నిరుడు ఇచ్చిన సెటప్ ఉంటుంది. విండోస్ మళ్లీ వేసినా, ఐకాన్ పోయినా అదే తీసి వేసేస్తాడు. 4.2 ఉన్న మెషీన్ మీద 4.1 సెటప్ పడుతుంది. ఎంఎస్ఐలో కొత్తది ఉంటే పాతది ఆగేలా ఒక నిబంధన రాసుకోవచ్చు. ఇన్నో సెటప్ తనంతట తాను ఆపదు. మనం వేరేగా చెప్పకపోతే, వెర్షన్ నంబరున్న ప్రోగ్రాము ఫైళ్లలో కొత్తవి ఉంచి, నంబరు లేని రిపోర్టు ఫైళ్లని మాత్రం పాతవాటితో మార్చేస్తుంది. అప్పుడు ప్రోగ్రాము 4.2 అని చూపిస్తుంది, బిల్లు మాత్రం 4.1 నమూనాలో ప్రింటవుతుంది. ఈ వరసని పరీక్షల పట్టికలో చేర్చి, "ఇంతకన్నా కొత్త వెర్షన్ ఈ మెషీన్‌లో ఉంది" అన్న మెసేజీ తెలుగులో రాసి, సెటప్ ఆగుతోందో లేదో చూశాకే ఫైలుని పైకి ఎక్కించాలి.